“ఓటేసి దేవుణ్ని చేశారట కదా టీచర్?”

కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. వయసు 36. తొమ్మిదేళ్లుగా తమ సంఘంలో సండే స్కూల్ పెద్ద పిల్లల క్లాసు చూస్తున్నారు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పద్నాలుగు మంది. మామగారు సంఘ పెద్ద. అత్తగారి మాటకు స్త్రీల సమాజంలో తిరుగులేదు. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ రెండేళ్లుగా గుడికి వెళ్లడం మానేశాడు. 325లో బిషప్పులు కూడిన నైసియా మహాసభకు 2025లో 1700 ఏళ్లు నిండాయంటూ వచ్చిన వీడియోల్లో ఒకటి తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. “325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఓటింగ్ పెట్టి యేసును దేవుణ్ని చేశాడు. అంతకుముందు ఆయన అందరికీ ఒక ప్రవక్త మాత్రమే. ఏ సువార్తలు ఉంచాలో కూడా అక్కడే తేల్చారు. అంతా రోమన్ల పురాణాల నుంచి ఎత్తిందే” అని కింద రాశాడు. గ్రూపులో గొడవైంది. అత్తగారు “మొదటి రోజు నుంచీ అందరూ ఒకటే నమ్మారు, ఇలాంటివి చదివితే ఉన్న విశ్వాసం పోతుంది” అన్నారు.

ఆ తర్వాతి ఆదివారం ఇంటర్ ఫస్టియర్ కుర్రాడొకడు అదే వీడియో ఫోనులో చూపించి, “ఓటేసి దేవుణ్ని చేశారట కదా టీచర్?” అన్నాడు. “వచ్చే వారం చెబుతా” అన్నారీమె. మూడు వారాలైంది, చెప్పలేదు. ఒక వారం జ్వరమని క్లాసే మానేశారు. రాత్రిళ్లు తానే చదవడం మొదలుపెడితే మార్కు 10:18 దగ్గర ఒక మాట, మత్తయి 19:17 దగ్గర ఇంకో మాట కనబడి నిద్ర పట్టలేదు. ఇప్పుడు గుడిలో విశ్వాస ప్రమాణం (తాము నమ్మేదేమిటో అందరూ కలిసి చెప్పే మాటలు) చెప్పేటప్పుడు ఒక వాక్యం దగ్గర గొంతు ఆగిపోతోందట. తమ్ముడు చెప్పింది నిజమేనా, నమ్మకం మెల్లగా పెరిగిందంటే అబద్ధమనేనా, పిల్లలకు ఏం చెప్పాలి, క్లాసు వదిలేయాలా, తమ్ముడితో ఎలా మాట్లాడాలి అని ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకే ముడిలో చిక్కుకున్నాయి. యేసును దేవుడిగా పూజించడం ఎప్పుడు మొదలైంది అన్నది ఒకటి. దేవుడొక్కడే అంటూ ఈయన్ని కూడా పూజించడం ఎలా పొసుగుతుందో చెప్పే మాటలు ఎప్పుడు కుదిరాయి అన్నది రెండోది. మొదటిదానికి జవాబు సిలువ తర్వాత ఇరవై, ముప్పై ఏళ్లలోనే దొరుకుతుంది. రెండోదానికి మూడు వందల యాభై ఏళ్లు పట్టింది. మీ తమ్ముడు రెండోదాని తేదీ తెచ్చి మొదటిదానికి అంటించాడు. మీ అత్తగారు మొదటిదాని తేదీ తెచ్చి రెండోదానికి అంటించారు. ఇద్దరి దగ్గరా సగం సగం నిజం ఉంది కాబట్టే గొడవ తెగడం లేదు.

మొదటి ప్రశ్న చూద్దాం. కొత్త నిబంధనలో అన్నిటికంటే పాతవి సువార్తలు కావు, పౌలు ఉత్తరాలు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక సుమారు 50 నాటిది. సిలువ సుమారు 30 అనుకుంటే మధ్య ఇరవై ఏళ్లే. ఫిలిప్పీయులకు 2:6–11 తెరవండి. “ఆయన దేవుని స్వరూపము కలిగినవాడైయుండి” అని మొదలవుతుంది. ఇది పౌలు సొంతంగా కట్టింది కాదనీ, అప్పటికే సంఘాల్లో పాడుకుంటున్న కీర్తనను ఆయన ఉత్తరంలో పెట్టాడనీ చాలామంది పండితుల అభిప్రాయం. అదే నిజమైతే ఆ పాట ఉత్తరం కంటే పాతది. దాని చివర ప్రతి మోకాలూ యేసు నామమున వంగుతుంది, ప్రతి నాలుకా ఒప్పుకుంటుంది. ఆ మాటలు యెషయా 45:23లోవి. అక్కడ మోకాళ్లు వంగేది యెహోవాకే. “నేనే దేవుడను, మరి ఏ దేవుడును లేడు” అని చెప్పే అధ్యాయం నుంచి, ఏరికోరి ఆ వాక్యాన్నే తెచ్చి యేసుకు వాడారు.

1 కొరింథీయులకు 8:6 కూడా ఇలాంటిదే. ప్రతి యూదుడూ రోజూ చెప్పుకునే మాట ద్వితీయోపదేశకాండము 6:4లో ఉంది. మన దేవుడైన యెహోవా అద్వితీయుడు అని. పౌలు దాన్ని రెండుగా విప్పి, ఒక్కడే దేవుడు అంటే తండ్రి, ఒక్కడే ప్రభువు అంటే యేసుక్రీస్తు అని సర్దాడు. పైగా అది కొత్త సంగతి అన్నట్టు వాదించడు, అందరికీ తెలిసిన మాటలా చెప్పుకుపోతాడు. అదే పత్రిక చివర 16:22లో గ్రీకు మధ్య “మారానా థా” అనే అరామిక్ మాట ఉంది. ప్రభువును రమ్మని పిలిచే మాట. తెలుగులో అది అనువాదంలో కలిసిపోయింది కాబట్టి మనకు కనబడదు. గ్రీకు మాట్లాడే కొరింథులో అరామిక్ మాట అలాగే నిలిచిందంటే అది పాలస్తీనాలోని తొలి సంఘం నుంచి వచ్చిందే. యేసును ప్రభువుగా పిలవడం గ్రీకు ఊళ్లలో పుట్టిందని 1913లో జర్మన్ పండితుడు విల్‌హెల్మ్ బూసెట్ వాదించాడు. ఆ వాదానికి ఈ చిన్న మాటే పెద్ద అడ్డంకి.

బయటివాళ్ల సాక్ష్యం కూడా ఉంది. సుమారు 112లో బితూనియ అనే రోమన్ రాష్ట్రపు గవర్నరు ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి “దేవుడికి పాడినట్టు క్రీస్తుకు” పాట పాడుతున్నారని రాశాడు. వివరాలు రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టానని కూడా తనే రాశాడు. ఆయనకు క్రైస్తవుల మీద ప్రేమేమీ లేదు. ఇజ్రాయెల్‌లోని మెగిద్దో జైలు ఆవరణలో 2005లో బయటపడిన మొజాయిక్ నేల మీద, అకెప్తౌస్ అనే స్త్రీ “దేవుడైన యేసుక్రీస్తుకు” ఒక బల్ల సమర్పించిందని రాసి ఉంది. తవ్వినవాళ్లు దాన్ని సుమారు 230 నాటిదని లెక్కగట్టారు. ఇవన్నీ నైసియాకు ముందువే. కాబట్టి “అంతకుముందు ప్రవక్త మాత్రమే” అన్నది నిలవదు.

అయితే మీ అత్తగారి మాటా పూర్తిగా నిలవదు. “మెస్సీయ” అంటే అభిషిక్తుడు, అంతే. యెషయా 45:1లో పారసీక రాజు కోరెషును కూడా దేవుడు అభిషేకించినవాడనే అన్నారు. “దేవుని కుమారుడు” అనే మాట దావీదు వంశపు రాజుకూ (కీర్తన 2:7) ఇశ్రాయేలు జనమంతటికీ (నిర్గమ 4:22) వాడిందే. ఈ బిరుదుల్లో దైవత్వం దానంతట అది లేదు. యేసు విషయంలో అవి కొత్త బరువు మోశాయి, ఆ బరువు ఎంతన్నది అందరికీ ఒకేలా తోచలేదు. అపొస్తలుల కార్యములు 2:36లో పేతురు, మీరు సిలువ వేసిన యేసునే దేవుడు ప్రభువుగా, క్రీస్తుగా నియమించాడు అంటాడు. “నియమించాడు” అంటే అంతకుముందు కాదనా? అలా చదివినవాళ్లు ఉన్నారు. సుమారు 190లో బైజాంటియం నుంచి రోముకు వచ్చిన తియొదోతు అనే తోలు పనివాడు, యేసు మంచి మనిషి, బాప్తిస్మమప్పుడు ఆత్మ దిగింది అని బోధిస్తే బిషప్ విక్టర్ అతణ్ని వెలివేశాడు. దీనికి సరిగ్గా ఎదురు పక్షం కూడా ఉంది. యేసు దేవుడే, మనిషిలా కనిపించాడంతే అన్నవాళ్లు. వాళ్లతో పోరాడుతూనే అంతియొకయ ఇగ్నేషియస్ రెండో శతాబ్దం తొలినాళ్లలో, ఆయన నిజంగా పుట్టాడు, నిజంగా తిన్నాడు, తాగాడు, నిజంగా సిలువ మీద చనిపోయాడు అని “నిజంగా” మీద నొక్కి రాశాడు. ఆ తరానికి యేసు మనిషి అని ఒప్పించడమే కష్టమైందన్నమాట.

ఇక్కడ తెలుగు బైబిలు పట్టుకుని ఒక పని చేయండి. రోమీయులకు 1:4 చూస్తే, పునరుత్థానం వల్ల యేసు దేవుని కుమారుడుగా “నిరూపింపబడెను” అని ఉంటుంది. అపొస్తలుల కార్యములు 10:42లో దేవుడు ఆయన్ని న్యాయాధిపతిగా “నియమించిన” అని ఉంటుంది. గ్రీకులో రెండు చోట్లా ఒకటే క్రియ, హొరిజో. నియమించు, నిర్ణయించు అని అర్థం. ఒక చోట “నిరూపింపబడెను” అనడంలో అనువాదకుల మోసమేమీ లేదు. రెండు రకాలుగా చదవగల మాటను, ముందే కుమారుడైనవాడు ఇప్పుడు రుజువయ్యాడనే వైపు తిప్పారు. తర్వాతి శతాబ్దాల్లో జరిగిన పోట్లాటంతా ఈ ఒక్క క్రియ సందులో ఇమిడి ఉంది.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని మార్కు 10:18. “నన్ను సత్పురుషుడని యేల చెప్పుచున్నావు? దేవుడొక్కడే గాని మరి ఎవడును సత్పురుషుడు కాడు.” మత్తయి 19:17లో అదే సందర్భంలో “మంచి కార్యమునుగూర్చి నన్నెందుకు అడుగుచున్నావు?” అని ఉంది. మార్కు సుమారు 70 నాటిది, మత్తయి దాన్ని ముందు పెట్టుకుని 80ల ప్రాంతంలో రాశాడన్నది ఎక్కువమంది పండితుల అంచనా. మార్కు మాట చదివినవాడు తప్పుగా అర్థం చేసుకుంటాడేమోనని మత్తయి సర్దాడని వాళ్లంటారు. మీకు అనిపించింది మీ ఊహ కాదు, సరిగ్గానే పట్టుకున్నారు. మార్కు 13:32లో ఆ దినం సంగతి కుమారుడికి కూడా తెలియదు అన్న మాట చూసి తర్వాతి రాతగాళ్లు కూడా ఇబ్బంది పడ్డారు. మత్తయి 24:36లో “కుమారుడైనను” అనే మాట చాలా చేతిరాత ప్రతుల్లో కనబడదు.

ఇంతవరకు వచ్చాక దాదాపు అందరూ ఒక పొరపాటు చేస్తారు. దీన్ని ఒక నిచ్చెనగా కడతారు. మొదట పునరుత్థానంలో కుమారుడయ్యాడు అన్నారు, తర్వాత మార్కులో బాప్తిస్మంలో, మత్తయి, లూకాల్లో పుట్టుకలో, చివరికి యోహానులో “ఆదియందు” అన్నారు అని. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వీడియోలకు బాగా పనికొస్తుంది. కానీ పౌలు దగ్గర ఆ నిచ్చెన విరుగుతుంది. ఫిలిప్పీ కీర్తన మార్కు కంటే ముందుది. అందులో ఆయన పుట్టక ముందే దేవుని స్వరూపంలో ఉన్నాడు. పై మెట్టు కింది మెట్టు కంటే ముందే ఉందన్నమాట. ఆ తొలి తరంలో వేర్వేరు ఊళ్లలో వేర్వేరు మాటలు పక్కపక్కనే నడిచాయనుకోవడం ఆధారాలకు ఎక్కువ సరిపోతుంది.

రోమన్ల పురాణాల నుంచి ఎత్తారు అన్న మాట గురించి కొంచెం ఓపికగా చెప్పాలి. రోమన్లు చనిపోయిన చక్రవర్తుల్ని దేవుళ్లుగా ప్రకటించేవాళ్లు. ఔగుస్తు నాణేల మీద “దైవ కుమారుడు” అనే బిరుదుంది. ఆ ప్రపంచంలో తిరిగిన మాటలు క్రైస్తవుల చెవిన పడలేదని ఎవరూ అనరు. కానీ మొదట యేసుకు మొక్కినవాళ్లు యూదులు. 40లో కాలిగులా చక్రవర్తి తన విగ్రహాన్ని యెరూషలేము ఆలయంలో పెట్టమంటే ప్రాణాలిస్తాం గానీ ఒప్పుకోమని ఎదురు నిలిచిన జనం వాళ్లది. మనిషిని దేవుణ్ని చేయడం వాళ్లకు రోతపుట్టే పని. అందుకే వాళ్లు ఈ కొత్త భక్తికి చోటు తమ లేఖనాల్లోనే వెతుక్కున్నారు. కీర్తన 110:1లో “ప్రభువు నా ప్రభువుతో” అని ఉంది కదా, కొత్త నిబంధన ఎక్కువసార్లు వాడుకున్న పాత నిబంధన వాక్యం అదే. హీబ్రూలో మొదటి “ప్రభువు” స్థానంలో దేవుని పేరే ఉంది, రెండోది యజమాని అనే మామూలు మాట. గ్రీకులో, తెలుగులో రెండూ ఒకటే అయిపోయాయి. దానికి తోడు దానియేలు 7:13లో మేఘాల మీద వచ్చే మనుష్యకుమారుడు, సామెతలు 8లో సృష్టికి ముందే దేవుని పక్కనున్న జ్ఞానము.

సామెతలు 8:22 మీద ఒక క్షణం ఆగండి. మన తెలుగులో “యెహోవా నన్ను కలుగజేసెను” అని ఉంది. గ్రీకు పాఠంలోనూ “సృష్టించెను” అనే. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అయిన ఆరియస్ పక్షం ఎప్పుడూ చేతిలో పట్టుకు తిరిగిన వాక్యం ఇదే. సుమారు 318లో మొదలైన ఆ తగవులో ఆరియస్ ఏమన్నాడో సరిగ్గా తెలుసుకోవాలి, ఎందుకంటే మీ తమ్ముడి వీడియో తప్పిపోయేది ఇక్కడే. యేసు మామూలు మనిషి అని ఆరియస్ అనలేదు. కుమారుడు కాలానికి ముందే ఉన్నాడు, లోకం ఆయన ద్వారానే కలిగింది, ఆయన్ని దేవుడనీ పిలవొచ్చు, కానీ తండ్రి ఆయన్ని సృష్టించాడు కాబట్టి “ఆయన లేని ఒకప్పుడు ఉంది” అన్నాడు. అంటే నైసియాలో రెండు పక్షాలూ యేసుకు మొక్కేవాళ్లే. అక్కడి ప్రశ్న “మనిషా, దేవుడా” కాదు. “తండ్రి ఏ అర్థంలో దేవుడో, అదే అర్థంలోనా?” అని.

ఇప్పటి తుర్కియేలోని ఇజ్నిక్‌లో 325 వేసవిలో కూడిన ఆ సభకు వచ్చిన బిషప్పులు రెండు వందల యాభై పైచిలుకని ఒకరు, మూడు వందలని ఇంకొకరు రాశారు. 318 అన్న లెక్క అబ్రాహాము సేవకుల సంఖ్యను (ఆదికాండము 14:14) గుర్తుచేస్తూ తర్వాత స్థిరపడింది. సంతకం పెట్టనన్న బిషప్పులు చివరికి ఇద్దరే, లిబియా నుంచి వచ్చిన సెకుందు, తియోనా. చక్రవర్తి ఒత్తిడి ఉందా అంటే ఉంది. ఒప్పుకోనివాళ్లను దేశం దాటించాడు. కైసరయ బిషప్ యూసేబియస్ సంతకం పెట్టి వచ్చాక, తానెందుకు పెట్టాడో తన ఊరి సంఘానికి సంజాయిషీ రాసుకున్నాడు. కానీ కాన్‌స్టంటైన్‌కు సిద్ధాంతం కంటే రాజ్యంలో గొడవ లేకపోవడమే ముఖ్యం. సభకు ముందు రెండు పక్షాలకూ రాసిన ఉత్తరంలో, ఇంత చిన్న విషయానికి కొట్టుకుంటారా అని మందలించాడు. 337లో మరణశయ్య మీద ఆయనకు బాప్తిస్మమిచ్చింది ఆరియస్ వైపు మొగ్గిన బిషప్ కావడం విచిత్రం. సువార్తలు ఏవి ఉంచాలన్నది ఆ సభ ముట్టుకోలేదు. అది చేసిన ఇరవై నియమాల్లో అలాంటిది ఒక్కటీ లేదు.

ఇక అక్కడ పెట్టిన మాట “హోమోఊసియోస్”, అంటే తండ్రితో ఒకే తత్వం గలవాడు. బైబిల్లో లేని మాట. పైగా అరవై ఏళ్ల ముందు అంతియొకయలో ఇంకో సందర్భంలో దాన్ని తప్పుపట్టారని నాలుగో శతాబ్దపు రచయితలే రాశారు. కాబట్టి ఆరియస్‌ను వ్యతిరేకించినవాళ్లలో కూడా చాలామందికి అది మింగుడుపడలేదు. మధ్యలో ఒక “ఇ” చేర్చి హోమోయిఊసియోస్, అంటే తండ్రిని పోలిన తత్వం గలవాడు అంటే చాలదా అన్నారు కొందరు. సభ ముగిశాక తగవు పెరిగిందే తప్ప తగ్గలేదు. నైసియాను సమర్థించిన అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ ఐదుసార్లు ఊరొదిలి పోవాల్సి వచ్చింది. 359లో జరిగిన సభలైతే “తత్వం” అనే మాటే వద్దన్నాయి. చివరికి 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభలో నైసియా మాటే స్థిరపడింది. ఒక్క ఓటుతో తేలి ఉంటే మధ్యలో ఆ 56 ఏళ్లు ఎందుకు? గుడిలో మీరు చెప్పే నైసియా ప్రమాణం కూడా 381 నాటి రూపమే.

నమ్మకం పెరిగిందంటే అబద్ధమేనా అని అడిగారు. చరిత్ర దీనికి జవాబివ్వదు, ఇస్తానన్నవాళ్లను నమ్మకండి. చరిత్ర చెప్పేది ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో నమ్మారన్నది. ఆ నమ్మకం నిజమా కాదా అన్నది దాని చేతిలో లేదు. విశ్వాసి అయిన లారీ హర్టాడో, విశ్వాసం వదిలేసిన బార్ట్ ఎర్మన్ అనే ఇద్దరు కొత్త నిబంధన పండితులూ ఇవే కాగితాలు చదివారు. పూజ ఎంత తొందరగా ఏ స్థాయికి చేరిందన్న దానిపై వాళ్లకు పడలేదు. కానీ యేసును దేవుని పక్కకు హెచ్చించడం 325లో కాక శిష్యుల తరంలోనే మొదలైందని ఇద్దరూ రాశారు. మీ తమ్ముడు ఎర్మన్‌ను చదివినా అతని వాక్యానికి మద్దతు దొరకదు. అదే పెరుగుదలను ఒకరు, ఉన్నదాన్ని మెల్లగా అర్థం చేసుకోవడం అంటారు. ఇంకొకరు, లేనిదాన్ని కల్పించుకోవడం అంటారు. తేల్చుకోవాల్సింది మీరే. ఈ నెలలోనే తేల్చుకోవాలని మాత్రం ఎక్కడా లేదు.

క్లాసు సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి.

ప్రశ్న దాటేసి మామూలుగా సాగిపోవచ్చు. ఇంట్లో శాంతి మిగులుతుంది. కానీ కుర్రాడి చేతిలో ఫోనుంది. అతనికి ఒక పక్షమే వినబడుతుంది, ఇలాంటివి మన క్లాసులో అడగకూడదన్న పాఠం కూడా నేర్చుకుంటాడు. ఇప్పటికే మూడు వారాలు నేర్చుకున్నాడు.

క్లాసు కొన్నాళ్లు ఇంకొకరికి అప్పగించవచ్చు. మీరు చదవడానికి, ఆలోచించడానికి వ్యవధి దొరుకుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ చిన్న ఊళ్లో, అందులోనూ సంఘ పెద్ద కోడలు క్లాసు మానేస్తే కారణం మీరు చెప్పకపోయినా జనం చెప్పుకుంటారు. ఆ దారి పడితే ఎన్ని నెలలో, ఎందుకో ముందే రెండు ముక్కల్లో సిద్ధం చేసుకోండి, అత్తామామలకు మీ నోటితోనే చెప్పండి. గొంతు ఆగిపోయే వాక్యం పిల్లలకు బోధించాల్సి రావడం మిమ్మల్ని నిజంగా కోసేస్తుంటే ఈ దారి మేలు.

మూడోది, పాస్టరు గారితో ముందు మాట్లాడి, నాలుగు ఆదివారాలు ఈ విషయాన్నే పాఠంగా చెప్పడం. బి.డి. (వేదాంత డిగ్రీ) చదివిన పాస్టరైతే ఇవన్నీ ఆయన కాలేజీలో పరీక్ష రాసినవే, మీరు అనుకున్నంత ఉలిక్కిపడరు. వద్దన్నారనుకోండి, అప్పుడు కనీసం ఆ కుర్రాడికి విడిగా, అతని తల్లిదండ్రుల ఎదుట జవాబు చెప్పడానికి అనుమతి అడగండి. అనుమతి లేకుండా మొదలుపెడితే మాత్రం రెండో వారానికి సగం మాటలు స్త్రీల సమాజానికి చేరతాయి, మిగతా సగం మీరు చెప్పుకునే అవకాశం రాదు. మీ ఉత్తరం చదివితే మీకు ఇది సరిపోతుందనిపిస్తోంది, కానీ మీ పాస్టరు గారి మనసు నాకంటే మీకే తెలుసు.

చెప్పేటట్టయితే ఇలా చేసి చూడండి. నాలుగున్నర మీటర్ల బట్టలతాడు, ఒక డజను క్లిప్పులు తెచ్చుకోండి. ఏడాదికి ఒక సెంటీమీటరు లెక్క. ఒక చివర 30, అంటే సిలువ. 20 సెంటీమీటర్ల దగ్గర 1 థెస్సలొనీకయులకు, 40 దగ్గర మార్కు, 50–60 మధ్య మత్తయి, లూకా, 60–70 మధ్య యోహాను, 82 దగ్గర ప్లినీ, 160 దగ్గర తోలు పని తియొదోతు. తర్వాత చాలా ఖాళీ, 295 దగ్గర నైసియా, 351 దగ్గర కాన్‌స్టాంటినోపుల్. 421 దగ్గర 451 నాటి కల్కెదోను సభ. ఆయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అన్న మాట కుదిరింది అక్కడ. చీటీలు పిల్లలనే పెట్టమనండి. సువార్తలు పౌలు కంటే ముందు పెడతారు, బైబిల్లో ముందున్నాయి కాబట్టి. దిద్దకండి, ఎందుకు పెట్టారో అడిగి ఆ తర్వాత జరపండి. తేదీలు అంచనాలేననీ, అయిదు పదేళ్లు అటూ ఇటూ వాదన ఉందనీ మొదట్లోనే చెప్పండి. లేకపోతే ఎవడో ఫోనులో ఇంకో అంకె చూపించేసరికి మొత్తం పాఠం మీద నమ్మకం పోతుంది.

రెండో వారం ఫిలిప్పీ కీర్తన ఒక్కటే. “విడిచిపెట్టకూడని భాగ్యము” అన్న చోట గ్రీకులో ఉన్నది హర్పగ్మోస్, కొత్త నిబంధనంతటిలో ఒక్కసారే వచ్చిన మాట. లాక్కోవాల్సింది అనైనా, గట్టిగా పట్టుకోవాల్సింది అనైనా అర్థం చెప్పొచ్చు. రెండు అర్థాలతోనూ పద్యం చదివించండి. “అవతారం లాంటిదా టీచర్?” అని ఎవరో తప్పక అడుగుతారు. మళ్లీ మళ్లీ దిగిరావడం గురించి కాదు, ఒక్కసారి పుట్టి నిజంగా చనిపోవడం గురించి పాడుతున్నారని చెబితే చాలు. మూడో వారం మార్కు, మత్తయి పక్కపక్కన, మీకు నిద్ర పట్టనివ్వని వాక్యాలతో సహా.

నాలుగో వారం క్లాసును రెండుగా విడదీసి నైసియా ఆడించండి. ఆరియస్ వైపు వాళ్లకు సామెతలు 8:22, మార్కు 13:32, యోహాను 14:28 (“తండ్రి నాకంటె గొప్పవాడు”), కొలొస్సయులకు 1:15 ఇవ్వండి. రెండో వైపుకు యోహాను 1:1, 10:30, 20:28, హెబ్రీయులకు 1:8. ఆరియస్ జట్టు గెలిచే అవకాశం బాగానే ఉంది, కంగారుపడకండి, అప్పుడూ అలాగే ఉంది. వాక్యాలు ఎదురెదురు పెట్టుకుంటే ఇద్దరికీ సరిపడా దొరుకుతాయి. అప్పుడు అతనాసియస్ అడిగిన ప్రశ్న వేయండి. ఆయన సృష్టించబడినవాడైతే మనం ఆయనకు మొక్కడం ఏమవుతుంది? సృష్టించబడినవాడు సృష్టిని రక్షించగలడా? వెంటనే ఆరియస్ ప్రశ్న కూడా వేయండి. ఆయనా తండ్రిలాగే ఆదిలేనివాడైతే దేవుళ్లు ఇద్దరు కాలేదా? రెండింటినీ సమానంగా కూర్చోనివ్వండి. ఆరియస్ పాటల పుస్తకం మనదాకా రాలేదు, అతని శత్రువైన అతనాసియస్ ఎత్తిరాసిన ముక్కలే మిగిలాయన్నది కూడా పిల్లలకు చెప్పాల్సిన విషయమే.

మీ తమ్ముడితో గ్రూపులో మాట్లాడకండి. పదిమంది చూస్తుండగా ఎవరూ “అవును, తప్పు రాశాను” అనరు. ఫోను చేసి, అతనిది ఏది సరైనదో ముందు ఒప్పుకోండి. మాటలు కాలక్రమంలో మారాయి, చక్రవర్తి వేలు పెట్టాడు, సువార్తలు ఒకదాన్నొకటి సర్దుకున్నాయి. ఆ తర్వాత ప్లినీ ఉత్తరం ఒక్కటి పంపి, 112లో వీళ్లు ఎవరికి పాడుతున్నారో నువ్వే చెప్పు అనండి. అంతకంటే ఎక్కువ పంపకండి. గుడి మానేయడానికి అతని అసలు కారణం నైసియా కాకపోవచ్చు. అది అతను చెప్పేదాకా మీరు తవ్వొద్దు.

అత్తగారితో చరిత్ర పాఠం అక్కర్లేదు. పాస్టరు గారు ఒప్పుకుంటే ఆయన చేతనే చెప్పించండి, మొదటి వారం తాడు పాఠానికి ఆవిడను కూడా పిలవండి. విశ్వాస ప్రమాణం దగ్గర గొంతు ఆగినప్పుడు ఆ ఒక్క వాక్యం మౌనంగా నిలబడండి. 325లో అది “మేము విశ్వసిస్తున్నాము” అని బహువచనంలోనే మొదలైంది. చుట్టూ ఉన్నవాళ్లు చెబుతూనే ఉంటారు.

ఈ ఆదివారం మాత్రం దాటవేయకండి. పాఠం సిద్ధం కాకపోయినా, పాస్టరు గారు ఇంకా ఏమీ చెప్పకపోయినా, ఆ కుర్రాడితో ఇంత చెప్పొచ్చు: “నువ్వు అడిగినదానికి మూడు వారాలు జవాబు చెప్పలేదు, తప్పు నాదే. ఓటు లాంటిది జరిగిన మాట నిజం, బిషప్పులు సంతకాలు పెట్టారు. కానీ వాళ్లు సంతకం పెట్టింది నీ వీడియోలో చెప్పినదాని మీద కాదు. అప్పటికే రెండు వైపులవాళ్లూ ఆయనకు మొక్కుతున్నారు. దేనిమీద పెట్టారో కలిసి చూద్దాం.” తాడు కట్టే రోజు వచ్చినప్పుడు 295 దగ్గర పెట్టాల్సిన క్లిప్పు అతని చేతికే ఇవ్వండి.